ఓబులమ్మ అను పిలుపు

కడప సీమ పల్లెలలో ప్రొద్దు వాలి, చెనిక్కాయ చేలకు పోయిన కూలిజనము ఇండ్లు చేరి, కొట్టములలో ఎద్దులకు చొప్ప వేసి, పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టు వేళకు, ఏ ఇంటి వసారా నుండియో ఎవరో గొంతెత్తి "ఓబులమ్మా!" అని పిలిచినచో, నా చిన్నతనమున ఆ వీధిలో ఒక్కరే పలుకుట చాల అరుదు. బావి దగ్గర నుండి ఒకతె, కల్లము దిక్కు నుండి మరియొకతె, ఎదురింటి అరుగు మీద చాటలో కొర్రలు చెరుగుచున్న ముసలమ్మ ఇంకొకతె, ముగ్గురును ఒక్కమారే "ఓ" అని పలికెడివారు. పిలిచిన ఇల్లాలు "మిమ్మల్ని కాదు, చింతమాను కాడి ఓబులమ్మను పిలుస్తాండా" అని సవరించుకొనెడిది. అందుచేతనే మా వైపు ఈ పేరునకు ముందు ఏదో యొక విశేషణము చేరక తప్పలేదు: పెద్ద ఓబులమ్మ, చిన్న ఓబులమ్మ, పొడుగు ఓబులమ్మ, ఏటిగడ్డ ఓబులమ్మ. పేరన్నది ఒకరిని తక్కినవారి నుండి వేరుచేయుటకు పెట్టుకొన్న గురుతు మాత్రమే అయినచో, ఈ పేరు ఆ పనిలో పూర్తిగ ఓడిపోయినదని చెప్పవలెను. అయినను తల్లులు దానిని విడువలేదు. వీధిలో అప్పటికే ముగ్గురున్నారని తెలిసియు నాలుగవ ఉయ్యాలలో మరల ఆ పేరే పెట్టిరి. వేరుచేయుట గాక మరేదో పనిని ఆ పేరు చేయుచుండవలెను. ఆ పని యేమో తెలిసికొనవలెనని నాకు చాల కాలముగ కోరిక.

పేరు పుట్టిన చోటు మాకు దూరమైనది కాదు. నల్లమల మొదలుకొని శేషాచలము దాక సాగిన కొండల వరుస ఆదిశేషుని శరీరమనియు, తిరుమల ఆయన పడగ, అహోబలము నడుము, శ్రీశైలము తోక అనియు పెద్దలు చెప్పుదురు. ఆ పడగకును ఆ నడుమునకును మధ్య, తిరుమలకు పోవు యాత్రికులకు గడపగ నుండి ఆ మాటనే పేరుగ ధరించిన మా కడప ఉన్నది. అహోబలము మొన్నటి వరకు కర్నూలు జిల్లాలోనిది, 2022 నుండి నంద్యాల జిల్లాలోనిది. ఆళ్లగడ్డ దాటి తూర్పుగ పోయినచో పొలములు ముగిసి అడవి మొదలగుచోట దిగువ అహోబలమున ప్రహ్లాదవరదుడు, అక్కడి నుండి కొండలోనికి పోయినచో గుహలో ఉగ్రనరసింహుడు, భవనాశి వాగు వెంబడి అడవిలో చెదరియున్న తక్కిన మూర్తులు, అన్నియు కలసి తొమ్మిది నరసింహ రూపములు. అన్నిటికి పైన, స్వామి వెలువడిన కంబమిదియే అని జనులు చూపు ఉగ్రస్తంభము. హిరణ్యకశిపుని వక్షమును చీల్చుచున్న ఆ మూర్తిని చూచిన దేవతలకు స్తోత్రము చేయుటకు మాటలు దొరకక, నోట వచ్చిన కేక "అహో బలమ్" అన్నది మాత్రమేనట. ఆ కేకయే స్థలమునకు పేరైనది. గుహలో గరుడునకు దర్శనమైనందున "అహో బిలమ్" అన్నారనియు మరియొక వ్యుత్పత్తి కలదు; నేటి పటముల మీదను బస్సుల నుదుట బోర్డుల మీదను ఈ రెండవ రూపమే స్థిరపడినది. కాని మనుష్యుల పేళ్లలోనికి దిగివచ్చినది మొదటిదే.

అది దిగివచ్చిన తీరు గమనింపదగినది. పండితుల ఇండ్లలో ఆ పేరు చెక్కుచెదరక నిలిచినది; ఆంధ్రశబ్దచింతామణికి పేరెన్నికగన్న వ్యాఖ్యానము వ్రాసినవాడు గాలి అహోబలపండితుడు, సంగీతపారిజాతమను శాస్త్రగ్రంథమును వ్రాసినవాడును మరియొక అహోబలుడు. రైతు నోటిలో మాత్రము మొదటి అకారము జారిపోయి, హకారము కరగిపోయి, "ఓబల" యై, ఆపైన "ఓబుల" యైనది. ఓబులరెడ్డి, ఓబులేసు, ఓబన్న, ఓబులమ్మ అందరును ఆ అరుగుదలలో పుట్టినవారే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంపిణీవారి మీద తిరుగబడినపుడు ఆయన ప్రక్కన నిలిచినవాడు వడ్డె ఓబన్న. ముగ్గురాతి గనుల మంగంపేట ఉన్న మండలము ఓబులవారిపల్లె. అనంతపురము దిక్కున ఓబుళదేవరచెరువు. ఏటిలోని గుండ్రాయి వలె ఈ మాట కోణములన్నియు పోగొట్టుకొని, చేతికి మెత్తనై, ఎవరి ఒడిలోనైనను ఇముడునట్లైనది. పల్లెలో ఏ ఓబులమ్మ నడిగినను తన పేరునకు అర్థము "మా దేవుని పేరు" అనునంతవరకే చెప్పును. అది ఒకనాటి దేవతల కేక అని ఆమె ఎరుగదు.

నాకీ పేరులో అన్నిటికంటె వింతగ తోచునది అదియే. సీత నాగటి చాలు, పద్మ పువ్వు, గౌరి తెలుపు, గంగ నీరు. ఆడపిల్లల పేళ్లు చాలవరకు వస్తువునో గుణమునో చెప్పును. ఓబులమ్మ యన్నచో ఒక ఆశ్చర్యము. "అహో" అనునది అవ్యయము. దానికి లింగము లేదు, విభక్తి లేదు, వచనము లేదు. కనుకనే కాబోలు మగవానికిని ఆడుదానికిని అది సమముగ అతికినది. క్రైస్తవులలో మైకేలు అను పేరు కలదు, హీబ్రూ భాషలో దాని కర్థము "దేవునివంటివాడెవడు?" అని. అక్కడ ఒక ప్రశ్న పేరైనది, ఇక్కడ ఒక కేక పేరైనది. రెండును పరమాత్ముని యెదుట మాట తడబడిన చోటుల నుండియే పుట్టినవి.

ఈ పేరు పూరిండ్లలో మాత్రమే మెలగినదని యెవరైన అనుకొన్నచో అది పొరపాటు. విజయనగర సింహాసనమున 1529 నుండి 1542 వరకు కూర్చుండిన అచ్యుతదేవరాయల తల్లి ఓబమాంబ. తుళువ నరసనాయకుని భార్యలలో ఒకతె, కృష్ణదేవరాయలకు సవతితల్లి. ఓబులమ్మను సంస్కృతపు చీరె కట్టి సింహాసనము ప్రక్కన కూర్చుండబెట్టినచో ఓబమాంబ అగును. ఆ అచ్యుతరాయల వివాహకథను వరదాంబికాపరిణయచంపువుగ సంస్కృతమున వ్రాసినది తిరుమలాంబ. ఆమె తన కావ్యమున ఈ ఓబమాంబను వర్ణించినది. ఒక కొండ పేరు ధరించిన కవయిత్రి మరియొక కొండ పేరు ధరించిన రాజమాతను వర్ణించుట, మా సీమకు ఇరువైపుల నున్న రెండు క్షేత్రములు ఇద్దరు స్త్రీలలో పలుకరించుకొనుట వలె నాకు కనుపించును. తిరుమల సైతము ఇట్లే అరిగినది సుమా. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో అన్నమాచార్యుల భార్య తిరుమలమ్మ, సుభద్రాకల్యాణము వ్రాసిన ఆ యమ్మ, లోకమునకు తాళ్లపాక తిమ్మక్కగనే తెలియును.

ఇక శాస్త్రమేమనుచున్నదో చూతము. స్త్రీల పేళ్లు పలుకుటకు సుఖముగ, క్రౌర్యము లేక, అర్థము విస్పష్టమై, మనోహరమై, మంగళకరమై, తుదిని దీర్ఘాక్షరము కలిగి, ఆశీర్వాదమును చెప్పునట్లు ఉండవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయమున విధించినది. నక్షత్రముల, వృక్షముల, నదుల, పర్వతముల, పక్షుల, సర్పముల పేళ్లు కల కన్యను, భయంకరమైన పేరు కల కన్యను వరింపరాదని మూడవ అధ్యాయమున చెప్పినది. ఈ కొలత ప్రకారము మా ఓబులమ్మకు ఏ యింటను సంబంధము కుదరదు. ఆమెది కొండ పేరు. ఆ కొండ మీదివాడు ప్రేగులు మాలగ వేసికొన్నవాడు, అనగా భీషణనామము. అర్థమా, పెట్టినవారికే విస్పష్టము కాదు. తుది అక్షరము హ్రస్వము. నాలుగు తప్పులు ఒక్క పేరులో. అయినను కడప కర్నూలు సీమలలో ఓబులమ్మలు పెండ్లాడిరి, పిల్లలను కనిరి, మనుమరాండ్రకు ఆ పేరే ఇచ్చి పోయిరి. గంగమ్మలును నాగమ్మలును అట్లే చేసిరి. శాస్త్రమును ధిక్కరింపవలెనని వారెవ్వరును తలచియుండలేదు. శాస్త్రము పేరును వరుని చెవితో వినినది, వారు తల్లి నోటితో పలికిరి. పలుకునపుడు ఆ నాలుగవ తప్పు తనంతట తాను తీరిపోవుట చూడుడు: ఓబులమ్మ యన్నచో తుది హ్రస్వమే గాని, "ఓబులమ్మా" అని పిలిచినచో దీర్ఘము. వ్రాతలో కొరవడిన పేరు పిలుపులో పూర్ణమైనది.

తల్లి ఆ భీషణనామమును ఏరి తెచ్చుకొనుటకు కారణము మా సీమ బ్రదుకులోనే ఉన్నది. వానలు లెక్కగ పడని నేల. కరువు సంవత్సరముల పేళ్లతోనే ముసలివారు తమ వయస్సు చెప్పుకొన్న నేల. ఒకరిద్దరు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి మూడవ కడుపున తన యింటి దేవరకు మ్రొక్కుకొనును: "ఈ బిడ్డ నిలిస్తే నీ పేరు పెట్టుకుంటా, నీ కొండకాడే పుట్టెంటికలు తీపిస్తా" అని. కొందరు మృత్యువును మోసగించుటకై బిడ్డను విస్తరాకుల కుప్ప మీద పరుండబెట్టి, పనికిరానిదని చాటి, పుల్లమ్మ యనియు కుప్పమ్మ యనియు పెంటమ్మ యనియు పేళ్లు పెట్టిరి. అది బిడ్డను దాచిపెట్టు పేరు. ఓబులమ్మ దాచిపెట్టు పేరు కాదు, కాపు పెట్టు పేరు. తక్కిన అవతారములను ఆరాధించునపుడు వారి సౌందర్యమో ధర్మమో మన కన్నుల ముందు నిలుచును గాని, నరసింహుడు ఒక పసివాని కొరకే వచ్చినవాడు. తన భక్తుడు పలికిన మాటను నిజము చేయుటకే కంబము నుండి వెలువడెనని భాగవతము ఏడవ స్కంధమున కారణము చెప్పినది. తండ్రి అడిగినాడు, ఈ కంబమున ఉన్నాడా అని, బాలుడు ఉన్నాడన్నాడు. బాలుడన్న ఆ మాటకు రాతి లోపలి నుండి ఎవరో "ఓ" అని పలికినట్లు ఆ కథను నేనెప్పుడును ఊహించుకొందును. ఏ చంటిబిడ్డ తల్లికైనను అంతకంటె కావలసిన దైవము ఎవడు? ఆయన గోళ్లు ఆమెకు భయము కలిగింపవు. అవి తన బిడ్డ వైపు తిరిగినవి కావని ఆమెకు తెలియును.

ఈ పిలుపు ఒక్క మతపు గీతలో నిలిచినది కాదని కూడ చెప్పక తప్పదు. పీర్ల పండుగనాడు గుండము చుట్టు తిరిగి, దర్గాలో చక్కెర పంచి, బిడ్డ నిలిచిన పిదప హుసేనమ్మ యనియు, మస్తానమ్మ యనియు, దస్తగిరమ్మ యనియు పేళ్లు పెట్టుకొన్న హిందువుల ఇండ్లు మా సీమలో ఎన్నియో గలవు. దస్తగీరు అను పారసీక పదమున కర్థము చేయి పట్టుకొనువాడని. ఆ తల్లికి పారసీకము తెలియదు, ఓబులమ్మ తల్లికి సంస్కృతము తెలియనట్లే. కాని ఒకతె బలమును అడిగినది, ఒకతె చేయి అడిగినది. ఇద్దరు అడిగినదియు వారి వారి పేళ్ల కడుపులో సరిగ అదియే యగుటను తలచుకొన్నపుడు నాకు కన్నులు చెమర్చును.

ఇక్కడనే అసలైన ధర్మసందేహము ఎదురగుచున్నది. అర్థము తెలియక పలికిన నామము నామిని చేరునా? మహాభాష్యకారుడు శబ్దముల ప్రవృత్తిని నాలుగు విధములుగ విభజించి, జాతిని చెప్పునవి, గుణమును చెప్పునవి, క్రియను చెప్పునవి యని మూడింటిని చూపి, నాలుగవ దానిని యదృచ్ఛాశబ్దమనెను. అనగా పెట్టినవారి యిచ్ఛ తప్ప మరియొక ఆధారము లేని సంజ్ఞ. ఆ లెక్కకు ఓబులమ్మ ఒక మనిషిని చూపు వ్రేలు మాత్రమే. దానిలో అహోబలుడు లేడు. భాగవతము దీనికి పూర్తిగ ఎదురు నిలిచినది. ఆరవ స్కంధము లోని అజామిళుని కథ తెలుగున ఏర్చూరి సింగన చేతి మీదుగ వచ్చినది. పోతన భాగవతమని మనము ఏకమొత్తముగ పిలుచుకొను గ్రంథమున ఆ భాగము ఆయనది కాదు, అది చాలమందికి తెలియవలసిన విషయము. కన్యాకుబ్జమున అజామిళుడను బ్రాహ్మణుడు కులాచారములు విడచి, దొంగతనముతోను జూదముతోను ఎనుబది యెనిమిది ఏండ్లు గడపి, పదిమంది కొడుకులలో కడగొట్టువాడైన నారాయణుడను పసివాని మీద ప్రాణములు పెట్టుకొని బ్రదికెను. చావు ఘడియలో యమభటులు కనబడగనే భయముతో ఆ కొడుకును పేరెత్తి పిలిచెను. విష్ణుదూతలు వచ్చిరి. మరియొకనికి పేరుగ పెట్టి పిలిచినను, పరిహాసమునకన్నను, పాటలో ఊతగ పలికినను, కడకు తిరస్కారముతో అన్నను, ఆ నామము పాపమును హరించునని వారు యమభటులతో వాదించిరి. తెలిసి వేసినను తెలియక వేసినను నిప్పు కట్టెను కాల్చును గదా, మహిమ ఎరుగక త్రాగినను మందు పనిచేయును గదా అని ఉపమానములు చెప్పిరి.

ఈ ఉపమానములు గొప్పవని ఒప్పుకొనుచునే, నా మనస్సునకు అవి పూర్తిగ తృప్తి నీయలేదని విన్నవించుకొనవలెను. నిప్పునకు ఎదుటివాడు అక్కరలేదు, మందునకు అంతకంటె అక్కరలేదు. పిలుపునకు ఎదుట ఒకరుండవలెను. అజామిళుడు ఆ క్షణమున జపము చేయలేదు, ఒక శబ్దమును ఉచ్చరింపలేదు. తన ప్రాణమంతయు గొంతులోనికి తెచ్చుకొని ఒకరిని రమ్మని పిలిచెను. అంతకుముందు ఆ పసివానిని దినమునకెన్నిమార్లు పిలిచియుండును! అన్నము తినబోవుచు పిలిచెను, పాలు త్రాగబోవుచు పిలిచెను. అప్పుడు విష్ణుదూతలు రాలేదు. వచ్చినది చివరి పిలుపునకు. మరియొక చిన్న వివరము ఆ కథలో ఉన్నది. పౌరాణికులు దానిని త్వరగ దాటిపోవుదురు, నేను మాత్రము అక్కడనే చిరకాలము నిలిచిపోయితిని. ఆ సమయమున కొడుకు నారాయణుడు దూరముగ ఆటవస్తువులతో ఆడుకొనుచుండెను. తండ్రి పిలుపు వానికి వినబడినదని గ్రంథము చెప్పదు. పిలిచినది ఒకరిని, పలికినది మరియొకరు.

మా వీధి సాయంకాలము నాకు అర్థమైనది ఇక్కడనే. ఒక ఓబులమ్మను పిలిచినచో ముగ్గురు పలికిరి. పేరు ఒక్కరి సొత్తు కానందుననే పిలుపు పిలిచినవారి ఉద్దేశమును దాటి పోగలిగినది. ఆ పేరు గల నాలుగవవాడు, ఆ పేరునకు మొదటి యజమాని, కొండ మీద నున్నవాడు, అతడును చెవి యొగ్గియే యున్నాడన్నది తల్లుల విశ్వాసము. వేరుచేయుటలో ఆ పేరు ఓడిపోయినదని మొదట అంటిని. ఆ ఓటమియే దాని పని. ఎవ్వరికిని లేని క్రొత్త పేరును వెదకి పెట్టినచో ఆ బిడ్డ ఒక్కతెయే పలుకును. ఆమె దూరముగ ఆడుకొనుచున్నపుడు ఎవ్వరును పలుకరు.

అయినను అజామిళుని దగ్గరనే ఆగిపోవుట సరికాదు. విష్ణుదూతలు విడిపించిన పిదప అతడు నేరుగ వైకుంఠమునకు పోలేదు. లేచి, పశ్చాత్తప్తుడై, గంగాద్వారమునకు పోయి, ఇంద్రియములను అణచి, చాలకాలము యోగము చేసి అప్పుడు దేహము విడిచెను. పిలిచిన పిలుపునకు తగినట్లు బ్రదుకుటకు అతనికి గడువు దొరకినదని నేననుకొందును. పేరు పెట్టుటతో మ్రొక్కు తీరినదనుకొనువారికి ఈ తుది భాగము వినిపింపవలెను.

ఇంతవరకు చెప్పినదానికి మా ఇండ్లలోనే ఒక గట్టి ఆక్షేపణ కలదు. నామోచ్చారణమే పుణ్యమైనచో, మా ఆచారము ఆ పుణ్యమునకు తలుపు మూసినది. మనుమరాలికి జేజి పేరు పెట్టుట వాడుక; అత్త పేరు నోట పలుకరాదనుట కోడలికి నిషేధము. కావున ఏ తల్లి పగలంతయు ఆ పేరు పలుకవలసియున్నదో ఆ తల్లికే అది పలుకరాని పేరు. ఆమె బిడ్డను "అమ్మీ" అనును, "పాపా" అనును. తండ్రి సైతము తన తల్లి పేరును తన నోట గట్టిగ పలుకుటకు వెనుదీసి "మా యమ్మ" అనును. తాత భార్య పేరు పలుకడు. ఉయ్యాలనాడు చెవిలో చెప్పిన పేరు ఇంటిలో ఒక దేవుని గది వలె మూయబడి యుండును. కోడలు కోపము వచ్చి బిడ్డను తిట్టదలచినను ఆ పేరుతో తిట్టరాదు. అత్త అరుగు మీద కూర్చుండి వినుచుండును. తిరస్కారముతో పలికినను ఫలమే యన్న విష్ణుదూతల మాట మా ఇంటి గడప దాటి లోనికి రాలేదు.

ఈ ఆక్షేపణకు నేను గ్రంథములలో సమాధానము వెదకలేదు. మా భాషయే నాకు ఒకటి చూపినది. చంటిపిల్లలకు దేవుడు జేజి. "జేజికి దండం పెట్టు" అని వారి చేతులు జోడించుదుము. మా సీమలో నాయనమ్మయు జేజియే. రెంటికిని ఒక్క మాట చాలునని భాషను నడపిన మా పెద్దలకు తోచినది. పలికిన పేరునకు మహిమ కలదని పురాణము చెప్పినది. గౌరవముతో పలుకక దాచుకొన్న పేరునకును మహిమ కలదని మా కోడండ్రు చెప్పకయే చెప్పిరి. పిలువకుండుటయు ఒకవిధముగ పిలుచుటయే: "అమ్మీ" అని బిడ్డను ఎత్తుకొన్న ప్రతిమారును ఆమె నాలుక చివరి వరకు వచ్చి ఆగినది ఆ పేరే గదా.

అందరికిని తన పేరు పంచిపెట్టిన ఆ స్వామి ఏడాది కొకమారు తానే పల్లెలు చూడవచ్చును. సంక్రాంతి మరునాడు, కనుమ దినమున, ప్రహ్లాదవరదుడును జ్వాలానరసింహుడును ఒకే పల్లకిలో కొండ దిగి పార్వేటకు బయలుదేరుదురు. ఫాల్గుణమున జరుగు తన పెండ్లికి జనులను తానే స్వయముగ పిలుచుటకు వచ్చునని అక్కడివారి నమ్మకము. చెంచులక్ష్మిని చేపట్టినవాడు గనుక అడవి చెంచులు ఆయనకు బావమరదులు. మొదటి పిలుపు వారికే. నలుబది దినములకు పైగ, ముప్పదికి మించిన పల్లెలలో, బోయీల భుజముల మీద ఊరూర దిగుచు, అరుగుల మీద కొలువుదీరుచు తిరిగి, బ్రహ్మోత్సవమునకు కొండ చేరును. పల్లకి వచ్చినదని తెలిసి ఆడువారు పేడనీళ్లు చల్లి, ముగ్గులు పెట్టి, టెంకాయలు పట్టుకొని వాకిండ్లకు వచ్చెడి దృశ్యమును నేను ఒకమారు చూచితిని. ఒక్కొక్క పల్లెలో ఎందరు ఓబులమ్మలో, ఎందరు ఓబులేసులో ఆ దిగువన నిలిచి యుందురు! లోకమున జనులు దేవుని పిలుచుట ఉన్నది. ఇక్కడ దేవుడు వచ్చి, తన పేరు గలవారి వాకిట నిలిచి, వారిని పిలుచుచున్నాడు.

ఈనాటి ఉయ్యాలలలో ఆ పేరు తగ్గిపోయినది. కొన్ని ఇండ్లలో రెండు పేళ్ల సర్దుబాటు నడచుచున్నది: మ్రొక్కు తీరుటకు చెవిలో ఓబులమ్మ, బడి పట్టీలో లక్ష్మీప్రసన్న. దీనిని నేను తప్పుపట్టను. పట్నపు బడిలో తోడి పిల్లలు నవ్వుదురేమోనని భయపడిన తల్లి మనస్సును నిందించు హక్కు నాకు లేదు. కాని ఆ పిల్ల పెద్దదైన నాడు, తన చెవిలో మొదట చొచ్చిన శబ్దము వేయేండ్లుగ తల్లుల గొంతుల మీదుగ అరుగుచు వచ్చిన ఒక ఆశ్చర్యమని ఎవరైన ఆమెకు చెప్పవలెనని నా ఆశ. రాణుల పేరది, కూలితల్లుల పేరది. మోటుపేరని అనుకొన్నదానిలో మోటుతనము లేదు. అంతమంది పలికినందున కలిగిన నునుపు కలదు.

కొన్నేండ్ల క్రిందట ఒక శనివారము దిగువ అహోబలమున గర్భగుడి ముందరి వరుసలో నిలిచియుంటిని. నా ముందు కాయకష్టము చేసిన చేతులు గల ఒక అవ్వ, ముడివేసిన కొంగున చిల్లర, చేతిలో రెండు అరటిపండ్లు, ఒక టెంకాయ. అర్చకస్వామి పళ్లెము అందుకొనుచు "గోత్రమేందమ్మా?" అని అడిగెను.

"గోత్రం నాకు తెల్దు సామీ."

"పేరు?"

ఆమె ఒక్క క్షణము తడబడినది. ఆ పేరును ఆ సన్నిధిలో తనదిగ చెప్పుకొనుటకు సిగ్గుపడినట్లు తల వంచుకొని, లోపలి దీపము వైపు చూచి, మెల్లగ "ఓబులమ్మ, సామీ" అనినది. అర్చకులు గోత్రము స్థానమున తమకు తోచినది చేర్చుకొని, స్వరమెత్తి, "ఓబులమ్మ నామధేయవత్యాః" అని మంత్రము నడుమ ఆ పేరును నిలిపిరి. రాతి మంటపమున ఆ శబ్దము పెద్దదై తిరిగినది. వరుసలో నా వెనుక ఎక్కడనో, స్తంభమునకు ఆనుకొని కూర్చుండి కునుకుచున్న మరియొక ముసలమ్మ ఉలిక్కిపడి తలయెత్తి, "ఓ" అని పలికినది.